చెంగమ్మ ఏరుకున్న టమాటా

ఎర్రగుట్ట వాలులో జంతువులన్నీ టమాటా పండించుకునే కాలం అది. గుట్ట మీద నిలబడి చూస్తే కింద మడులన్నీ గళ్ళ దుప్పటి పరిచినట్టు ఎర్రగా, పచ్చగా కనిపించేవి. అన్ని మడులకూ నీళ్ళు ఒక్క ఊట నుంచే పారేవి. ఆ ఊటను ఆనుకుని ఉన్న మడి ముళ్ళపంది చెంగమ్మది. దాని దిగువన ఎద్దు ఓబులయ్యది, పక్కన మేక సుంకమ్మది, ఆ తర్వాత కుందేళ్ళవీ ఉడుతలవీ.

మడులున్నాయి, నీళ్ళున్నాయి, విత్తనం మాత్రం గుట్టవాళ్ళ దగ్గర లేదు. అది నక్క గురప్ప తెచ్చేవాడు. పంట కారు మొదలయ్యే వేళకి భుజాన సంచీ వేసుకుని, మీసం దువ్వుకుంటూ గుట్ట ఎక్కేవాడు. ఎక్కడి నుంచి తెస్తాడో చెప్పేవాడు కాదు. ఆ విత్తనం వేస్తే మొక్కకీ మొక్కకీ తేడా ఉండేది కాదు. కాయలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు గుండ్రంగా, నున్నగా, ఎర్రగా ఉండేవి. ఆ మాట ఒప్పుకుని తీరాలి.

"తొలి కోత నాది, మిగతా కోతలన్నీ మీవి. న్యాయమే కదా?" అనేవాడు మొదట్లో. తర్వాత మలి కోత కూడా అడిగాడు. చివరికి పగుళ్ళ కాయలూ ఎదగని పిందెలూ గుట్టవాళ్ళకి మిగిలేవి.

ఒక కారు ముగింపులో గురప్ప ఉత్త చేతులతో వచ్చాడు.

"సంచీ ఏదబ్బా?" అని అడిగాడు ఓబులయ్య.

"ఉంది మామా, ఎక్కడికి పోతుంది? ఈసారి నాకు కోతలేమీ వద్దు. పండిందంతా మీరే తినండి."

కుందేళ్ళు చెవులు నిక్కించాయి. సుంకమ్మ నెమరు వేయడం ఆపేసింది.

"చెంగమ్మక్క మడి ఒక్కటి నాకు ఇప్పించండి, చాలు. వయసు మీద పడుతోంది. నీళ్ళ పక్కన ఒక మూల పడి ఉంటాను" అన్నాడు గురప్ప, కళ్ళు సగం మూసి.

అందరూ చెంగమ్మ వైపు చూశారు. ఊట పక్కన ఎవరు కూర్చుంటే నీళ్ళు వాళ్ళ గుప్పిట్లోకి పోతాయని చెంగమ్మకి తెలుసు. మిగతావాళ్ళకీ తెలుసు. అయినా విత్తనం లేకుండా కారు ఎట్లా గడుస్తుంది? పిల్లల తల్లి కుందేలు ఒకటి మెల్లగా, "ఇచ్చెయ్ అక్కా. నీకు మా మడిలో దున్నిన చాలు ఒకటి వదులుతాం" అంది.

చెంగమ్మ ముళ్ళు ఒక్కసారి గలగలమని లేచాయి. కోపం వస్తే ఆమెకి అట్లా అవుతుంది. కాసేపటికి అవే సర్దుకున్నాయి. ఆమె మడిలోకి వెళ్ళి ఒక పండు తెంపి, అందరి ముందూ పళ్ళతో చీల్చింది.

"ఇందులో ఉన్నవి ఏమిటి గురప్పా?"

"గింజలు అక్కా."

"మరి విత్తనం లేదని ఎందుకు ఏడవాలి మేము? వీటినే దాచుకుని నాటుకుంటాం. ఇట్లాంటి కాయలే కాయించుకుంటాం."

గురప్ప ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. "భలేదానివి అక్కా! ఇన్నాళ్ళూ నాకే తట్టలేదు చూడు. దాచుకో, నిక్షేపంగా దాచుకో. ఎట్లా దాచాలో కూడా నేనే చెప్తాను. గుజ్జంతా కుండలో పిండి వదిలెయ్. పులిసి పైన తెట్టె కట్టాక కడుగు. మునిగిన గింజ ఉంచుకో, తేలినవి పారబొయ్యి. నీడలో ఆరబెట్టు. మళ్ళీ కలుద్దాం." అట్లా అని తోక ఊపుకుంటూ దిగి వెళ్ళిపోయాడు.

ఓబులయ్య వాడు పోయిన దారి వైపే చాలాసేపు చూశాడు. "చెల్లీ, వాడి బతుకుతెరువు పోతుంటే వాడెందుకు అంత సంతోషపడ్డాడు?"

"నాకూ అదే అనుమానంగా ఉందన్నా. అయినా వాడు చెప్పిన పద్ధతి సరిగ్గానే ఉంది. వేసి చూద్దాం."

వేసి చూశారు. నారు బ్రహ్మాండంగా వచ్చింది. గుట్టంతా చెంగమ్మ మడి చుట్టూ చేరి మురిసిపోయింది. అందరూ ఆ నారే పట్టుకెళ్ళి నాటుకున్నారు. మొక్కలు మోకాలి ఎత్తు దాటేదాకా ఎవరికీ ఏ తేడా తెలియలేదు.

కాయలు దిగాక తెలిసింది. ఒక మొక్కకి రేగుపండంత కాయలు, గుత్తులు గుత్తులుగా. దాని పక్కదానికి గుమ్మడికాయలా గాడులు పడిన వంకర కాయలు. ఒకదానికి పసుపు రంగు పండు. ఒకటి ఏపుగా పెరిగి పూతంతా రాల్చేసింది. ఇంకొకటి ఆకులు ముడుచుకుని అలిగినట్టు కూర్చుంది. తల్లిలాంటి నున్నటి కాయ కాసినవి అక్కడొకటి, ఇక్కడొకటి.

"వదినా, ఇది టమాటా మడా, తిరునాళ్ళ సంతా?" అంటూ సుంకమ్మ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే తన మడి వైపు తిరిగి చూసుకుంది. అక్కడా అదే తిరునాళ్ళ. నవ్వు ఆగిపోయింది. ఆ పూట గుట్టలో ఎవరూ చెంగమ్మతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ సమయానికి గురప్ప వచ్చాడు. వస్తూనే మడులన్నీ తిరిగి చూసి, మూతి అడ్డంగా తిప్పాడు.

"పాపం అక్కా! నాది సంకర విత్తనమని నీకెవరూ చెప్పలేదా?"

"నువ్వు చెప్పలేదు కదా" అంది చెంగమ్మ.

"అడగలేదు కదా! ఇప్పుడు విను. రెండు వేరు వేరు జాతుల టమాటాలని కలిపితే పుట్టింది మీరు వేసుకునే మొక్క. అది వేసినంత వరకూ అన్నీ ఒకేలా ఉంటాయి. దాని కాయలో గింజ తీసి నాటితే మాత్రం పిల్లలు తలా ఒక దారి. ఒకటి తాతలా, ఒకటి అవ్వలా, ఒకటి ఎవరిలానూ కాకుండా. అందుకే ఎప్పటికప్పుడు నా దగ్గరికి రావాలి. అదీ అందులోని కిటుకు."

గుట్టవాళ్ళందరూ తలలు వంచుకున్నారు. చెంగమ్మ మాత్రం వంచలేదు. చీలిపోయిన ఒక పండుని వాసన చూస్తూ, "ఆ రెండు జాతులు ఎట్లా ఉండేవి గురప్పా?" అని అడిగింది.

గెలిచిన హుషారులో గురప్పకి నోరు ఆగలేదు. "ఒకటి నున్నటి కాయ. చూడముచ్చటగా ఉంటుంది, ఎండ తగిలితే వాలిపోతుంది. రెండోది వంకర కాయ. రాతినేలలో కూడా చావదు, నీళ్ళు లేకపోయినా చావదు, మొక్కని వాలగొట్టే వడలు తెగులు వచ్చినా చావదు. రెండింటినీ కలిపితే ఆ నున్నదనం పైకి తేలింది, ఆ మొండితనం అడుగున పడిపోయింది."

"అడుగున పడిపోయిందంటే పోలేదన్నమాట. ఈ మడుల్లోనే ఎక్కడో ఒక మొక్కలో ఉండి ఉంటుంది."

గురప్ప నవ్వు సగంలో నిలిచింది. "ఉంటే? వెతుక్కుంటావా? ఒకవేళ దొరికినా దాని పిల్లలు మళ్ళీ తలా ఒక దారి పోతాయి. వాటిల్లో ఏరాలి, వాటి పిల్లల్లో మళ్ళీ ఏరాలి. నీ ముళ్ళు నెరిసిపోతాయి అక్కా. మడి ఇచ్చేసి హాయిగా కూర్చో."

"మడి ఇవ్వను."

ఆ మాట ఆమె అరిచి చెప్పలేదు. మామూలుగానే చెప్పింది. అయినా గురప్ప రెండడుగులు వెనక్కి వేశాడు.

మిగతావాళ్ళు చెంగమ్మని తప్పు పట్టలేక, ఆకలికి ఆగలేక, గురప్పతో బేరం పెట్టుకున్నారు. తొలి కోతా మలి కోతా రెండూ ఇచ్చేట్టు పాత పద్ధతిలోనే విత్తనం పుచ్చుకున్నారు. "మడి సంగతి మళ్ళీ మాట్లాడదాం. ఆమె మెత్తబడుతుందిలే" అని గురప్ప వెళ్ళాడు.

చెంగమ్మ ఒక్కతే ఆ తిరునాళ్ళ కాయల గింజలే మళ్ళీ నాటుకుని తన మడిలో మిగిలింది. ఒక్కతే అంటే, ఓబులయ్య కూడా ఉన్నాడు. ఆయన పెద్దగా మాట్లాడడు. తన మడి దున్నుకున్నాక వచ్చి ఆమె మడి కూడా దున్ని పోయేవాడు.

ఆ ఏడు ఎండ విరుచుకుపడింది. ఊట సన్నబడి చిటికెన వేలంత ధార అయింది. నీళ్ళు తక్కువయ్యేసరికి మడుల్లో వడలు తెగులు దూరింది. పొద్దున పచ్చగా ఉన్న మొక్క సాయంత్రానికి ఉడకబెట్టిన ఆకులా వాలిపోయేది. గురప్ప ఇచ్చిన నారు వరుసలు వరుసలుగా పోయింది. చెంగమ్మ మడిలో కూడా రోజూ మొక్కలు చచ్చిపోతూనే ఉన్నాయి. ఆమె ఒక్కొక్కదాన్నీ పీకి వేరు వాసన చూసి పక్కన పెట్టేది.

ఒక మధ్యాహ్నం ఓబులయ్యని కేక వేసింది. "అన్నా, ఇట్లా రా. దీన్ని చూడు."

మడి చివర, రాళ్ళ పక్కన, ఒక పొట్టి మొక్క ఉంది. చుట్టూ ఉన్నవన్నీ ఎండి కర్రలైపోతే అది మాత్రం ఆకు వాల్చకుండా నిలబడింది. దానికి కాయలు తక్కువే. ఉన్నవి కూడా వంకర కాయలు. గాడులు పడి, తొడిమ దగ్గర పచ్చటి మచ్చతో, ఎవరో నేల మీద కూర్చోబెట్టి నొక్కినట్టు ఉన్నాయి.

"అందంగా లేదు చెల్లీ" అన్నాడు ఓబులయ్య నిజాయితీగా.

"లేదు. కానీ బతికుంది" అంది చెంగమ్మ. ఆ మొక్క దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు.

ఆ పండ్లు పండాక ఆమె కొరికి చూసింది. ముందు పులుపు తగిలింది, తర్వాత తీపి వచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి తినాలనిపించింది. ఇంకొకటి తినలేదు. గింజలు తీసింది.

అక్కడి నుంచి చెంగమ్మ పడిన పాటు గుట్టలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పొట్టి మొక్క గింజలు నాటితే గురప్ప అన్నట్టే పిల్లలు మళ్ళీ తేడాగా వచ్చాయి. అయితే ఈసారి తిరునాళ్ళ కాస్త చిన్నదైంది. వాటిల్లో ఎండకి ఆగినవాటిని ఉంచింది, ఆగనివాటిని పీకేసింది. ఉంచినవాటిలో మళ్ళీ రుచి చూసింది. ఏ మొక్క గింజ ఆ మొక్కదిగా విడివిడిగా దాచాలి, కలిస్తే అంతా మొదటికి వస్తుంది. దాచడానికి ఆమె దగ్గర అన్ని కుండలు లేవు. అందుకని ఒక్కో మొక్క గింజల్ని ఆకులో చిన్న మూటగా చుట్టి, ఆ మూటల్ని తన ముళ్ళకే కట్టుకుంది. వీపు నిండా మూటలు వేలాడుతుంటే మడిలో అటూ ఇటూ తిరిగేది.

"వదిన నగలు పెట్టుకుని ఎవరి పెళ్ళికి పోతోందో!" అనేది సుంకమ్మ.

"నా మడిలోనే పెళ్ళి సుంకమ్మా. నువ్వూ రా" అనేది చెంగమ్మ.

పీకేయడం ఆమెకి అంత తేలికేమీ కాదు. ఒకసారి ఒక మొక్క మొయ్యలేనంత కాపు కాసింది. పెద్ద పెద్ద కాయలు. మధ్యాహ్నం ఎండకి మాత్రం ఆకులు వాల్చేసేది. చెంగమ్మ దాని ముందు నిలబడి, వెళ్ళి, మళ్ళీ వచ్చి నిలబడింది. చివరికి పళ్ళతో మొదలు పట్టి లాగేసింది.

"పాపం, అంత కాసింది కదా" అన్నాడు చూస్తున్న ఓబులయ్య.

"కాసిందన్నా. నేనూ పొద్దుటి నుంచి అదే అనుకుంటున్నాను. దీని గింజ ఉంచితే ఊట సన్నబడిన ఏడు దీని పిల్లలన్నీ వాలిపోతాయి. అప్పుడు కుందేళ్ళ పిల్లలకి ఏం పెడతాం?" అంది. అని, ఆ మొక్క కాయల్ని తెంపి కుందేళ్ళకి పంపించింది. ఆ పూట ఆమె ఏమీ తినలేదని ఓబులయ్య గమనించాడు. తన మడిలో దొరికిన కాసిని పండ్లు ఆమె గుమ్మం దగ్గర పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు.

ఒక ఏడు తప్పు చేసింది. రుచి మీద మోజుతో బాగా తియ్యటి కాయనే ఏరుకుంటూ పోయింది. ఆ పిల్లలు ఎండకి సగం పోయాయి. అందరూ ఇక మానేస్తుందనుకున్నారు. చెంగమ్మ కాసేపు ఊట దగ్గర కూర్చుని, "నాలుక మాట విన్నాను, వేరు మాట వినలేదు" అని తనలో తాను అనుకుంది. లేచి, పోయినేడు ముల్లుకి కట్టిన పాత మూట విప్పి మళ్ళీ నారు పోసింది.

గురప్ప వచ్చినప్పుడల్లా "మడి ఇస్తావా అక్కా?" అని అడిగేవాడు. గుట్టవాళ్ళు కూడా మధ్యమధ్యలో అడిగేవాళ్ళు. ఆమె అందరికీ ఒకటే జవాబు చెప్పేది. "ఇంకొంచెం ఆగండి. ఇవి ఒకదాన్నొకటి పోలడం నేర్చుకుంటున్నాయి."

నిజంగానే నేర్చుకున్నాయి. ఒక కారులో చెంగమ్మ మడి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూసింది. పీకేయాల్సిన మొక్క ఒక్కటీ కనిపించలేదు. అన్నీ పొట్టివే, అన్నిటికీ గాడుల కాయలే, తొడిమ దగ్గర పచ్చటి మచ్చతో. ఆ తర్వాతి కారులో మళ్ళీ నాటింది. మళ్ళీ అవే వచ్చాయి. ఆ వేసవి ఊట సన్నబడింది. గుట్ట మీద మడులన్నీ వాలిపోతే చెంగమ్మ మడి మాత్రం నిలబడి కాసింది. గుట్టంతా ఆ మడి కాయలు తినే ఎండ దాటింది.

గుట్ట జంతువులన్నీ వచ్చి ఆమె మడి గట్టున నిలబడ్డాయి. అప్పట్లో మడి ఇచ్చెయ్యమన్న తల్లి కుందేలే ముందుకొచ్చి, "అక్కా, మాకూ కాస్త విత్తనం..." అని ఆగిపోయింది.

"ఇదంతా ఎవరికోసమనుకున్నావు?" అంటూ చెంగమ్మ వీపు తిప్పింది. "విప్పుకోండి. ఒక్కొక్కరూ ఒక్కో మూట. దాచే పద్ధతి చెప్తాను. ఇక ఎవరి విత్తనం వాళ్ళే దాచుకోవచ్చు. ఎవరి దారీ చూడక్కర్లేదు."

ఓబులయ్య తన తల ఆమె ముందు వంచాడు. ఎద్దు ఎవరికీ అట్లా తల వంచదు, కాడి మోసేటప్పుడు తప్ప.

సుంకమ్మ మాత్రం మూట తీసుకోలేదు. "నీ కష్టం గొప్పదే వదినా, కాదనను. కాయ చూస్తే నాకు ఆకలి చచ్చిపోతుంది. మా పుట్టింటివాళ్ళు అవతలి గుట్ట నుంచి నున్నటి కాయల నారు పంపారు. నేను అదే వేస్తాను." ఆ నారు గురప్ప అవతలి గుట్టకి ఇచ్చిన సంకర విత్తనానిదే. సుంకమ్మ దాన్ని తెచ్చి, చెంగమ్మ మడిని ఆనుకునే నాటుకుంది. ఆ ఏడు వానలు బాగా పడటంతో అది కూడా చక్కగా కాసింది. పక్కపక్కనే ఒకవైపు వంకర కాయలు, ఒకవైపు అద్దంలాంటి కాయలు.

ఎర్రగుట్టలో గురప్పని అడిగేవాళ్ళు లేకుండా పోయారు. వాడు వాగు అవతలికి వెళ్ళి అడవిపందుల దగ్గర చేరాడు. వాటి పెద్ద కొండప్ప. కోరలు ఎంత పొడుగో ఓర్పు అంత పొట్టి.

"ఎర్రగుట్టలో నీళ్ళు లేకపోయినా బతికే టమాటా ఉందట. గింజ దాచుకుని వేసినా మళ్ళీ అదే కాయ వస్తుందట. నిజమేనా?" అన్నాడు కొండప్ప.

"నిజమే దొరా. ఆ ముళ్ళపంది మీకు గింజ కూడా ఇవ్వదు. ఒకప్పుడు మీరు గుట్ట మడులు తొక్కారని మీ మీద కక్ష. నేనైతే తేగలను."

"తెస్తే బతికినన్నాళ్ళూ మా పొదల్లో నీకు చోటూ తిండీ. మోసం చేస్తే మాత్రం..." కొండప్ప వాక్యం పూర్తి చేయలేదు. కోరతో పక్కనున్న మట్టిగడ్డని ఎగరగొట్టాడు.

గురప్ప పట్టపగలే గుట్ట ఎక్కి, చెంగమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అక్కా, నువ్వు గెలిచావు. కాస్త విత్తనం పెట్టు. వాగు అవతల నాటుకుంటాను."

సుంకమ్మకి ఒళ్ళు మండింది. "మడి లాక్కోవాలని చూసినవాడికి విత్తనమా? తరుము వదినా!"

"అడిగినవాడికి విత్తనం లేదనకూడదు సుంకమ్మా" అంది చెంగమ్మ. వీపు మీద నుంచి ఒక మూట తీసి ఇవ్వబోయింది.

గురప్ప మూట వైపు చూశాడు. తాను చాలాసార్లు పాత గింజలూ తాలు గింజలూ మూటల్లో కట్టి అంటగట్టినవాడు. "మూట వద్దక్కా. పండే ఇవ్వు. నా కళ్ళతో చూసి నేనే కోసుకుంటాను."

"సరే, రా."

మడి గట్టు మీదికి వెళ్ళారు. గురప్ప కళ్ళు ముందు వంకర కాయల మీద పడ్డాయి, తర్వాత పక్కనున్న నున్నటి కాయల మీదికి జారి అక్కడే ఉండిపోయాయి.

"ఇవిగో, ఇవే నావి" అంది చెంగమ్మ వంకర కాయలు చూపిస్తూ. "ఎన్ని కావాలంటే అన్ని కోసుకో."

"మరి అవి?"

"అవి సుంకమ్మవి. నువ్వు అవతలి గుట్టకి ఇచ్చిన సంకర విత్తనమే. వాళ్ళ పుట్టింటివాళ్ళు నారు పంపారు."

గురప్ప లోలోపల నవ్వుకున్నాడు. 'ఎంత చక్కగా అల్లింది! ఇట్లాంటి కాయలే కాయించుకుంటానని ఆనాడు అందరి ముందూ అన్నది. ఇన్నేళ్ళూ ఒళ్ళు హూనం చేసుకుంది ఈ వంకర కాయల కోసమా? నా కాయ దాకా తెచ్చింది, తెచ్చి పక్కవాళ్ళ పేరు చెప్తోంది. ఆమె చోట నేనుంటే పనికిరానివి చూపించి మంచివి దాచనూ?'

"అక్కా, నాకు ఈ నున్నటివి చాలు" అన్నాడు.

చెంగమ్మ అతని ముఖంలోకి చూసింది. "గురప్పా, మళ్ళీ చెప్తున్నాను, విను. ఆ గింజ నాటితే ఆనాడు నాకు జరిగిందే నీకూ జరుగుతుంది. తలా ఒక దారి పోతాయి. నిలబడేది ఈ వంకరదే. కావాలంటే కొరికి చూడు."

"వద్దులే అక్కా, నీ నోటి దగ్గరది నాకెందుకు?" అని గురప్ప కన్ను గీటాడు.

సుంకమ్మకి తన కాయల్ని ఒకరు మెచ్చుకోవడం మహా సంతోషంగా ఉంది. "కోసుకో తమ్ముడూ, మంచివి చూసి కోసుకో!" అంది. గురప్ప సంచీ నింపుకుని, మళ్ళీ పిలుస్తారేమోనని వెనక్కి చూసుకుంటూ, పరుగులాంటి నడకతో గుట్ట దిగాడు.

"వాడు మునిగిపోతాడు వదినా" అంది సుంకమ్మ, వాడు కనుమరుగయ్యాక.

"చెప్పాను కదా. ఇంకెట్లా చెప్పాలి?" అంది చెంగమ్మ. ఆ గొంతులో సంతోషమేమీ లేదు.

వాగు అవతల గురప్ప గొప్ప హంగామా చేశాడు. "ఇదే ఎర్రగుట్ట టమాటా. ముళ్ళపంది కళ్ళుగప్పి తెచ్చాను" అని కొండప్పకి గింజలు అప్పగించాడు. పందులు నేలంతా ముట్టెలతో పెళ్ళగించి పొలం చేశాయి. నారు వచ్చింది, మొక్కలు లేచాయి. గురప్ప పొద మధ్యలో మెత్తటి చోటు చూసుకుని, తింటూ పడుకున్నాడు.

తర్వాత కాయలు దిగాయి. ఒకటి రేగుపండంత, ఒకటి పసుపు, ఒకటి పొడుగు, ఒకటి అసలు లేదు. కొండప్ప చాళ్ళ వెంట నడుస్తూ ఒక్కో మొక్క దగ్గరా ఆగాడు. ఆగిన ప్రతిసారీ ముక్కులోంచి ఒక బుస వచ్చింది. అదే సమయంలో ఎండ ముదిరింది. నున్నటివీ గరుకువీ అన్నీ కలిసి వాలిపోయాయి.

"నక్కా!" అన్నాడు కొండప్ప.

గురప్ప జవాబు చెప్పడానికి ఆగలేదు. పొదలోంచి దూకాడు. వెనక పందుల గుంపు నేల అదిరేట్టు తరిమింది. వాగు బురదలో పడి, లేచి, తోక చివర్న కొంత బొచ్చు ఒక కోరకి వదిలేసి, కొండలు దాటి వెళ్ళిపోయాడు.

కొండప్ప తన గుంపుతో తల దించుకుని ఎర్రగుట్టకి వచ్చాడు. మడులు తొక్కకుండా గట్ల మీద నుంచే నడిచాడు. "చెంగమ్మా, మాకు ఇవ్వవని వాడు చెప్పాడు" అన్నాడు.

"నన్ను అడిగి ఉంటే సరిపోయేది కదా కొండప్పా" అంటూ ఆమె ఒక మూట విప్పి అతని ముందు పెట్టింది. ఆ రోజంతా కూర్చుని, గింజ ఎట్లా పులియబెట్టాలో, ఎట్లా కడగాలో, ఏ మొక్కని ఉంచాలో, ఏది మనసు రాయి చేసుకుని పీకాలో పందులకి చెప్పింది. కోరలున్న ఆ పెద్ద జీవాలన్నీ కదలకుండా కూర్చుని విన్నాయి. పక్కన నిలబడి విన్న సుంకమ్మ, అందరూ వెళ్ళాక, "వదినా, నాకూ ఒక మూట" అని మెల్లగా అడిగింది.

గురప్ప ఎక్కడో దూరపు అడవిలో ఉన్నాడట. తోక చూసి ఎవరైనా ఏమైందని అడిగితే, "ఎర్రగుట్టలో ఒక ముళ్ళపంది నాకు అబద్ధం చెప్పి మోసం చేసింది" అని వాపోతాడట. ఆ పగలు మడి గట్టు మీద చెంగమ్మ చెప్పిన ప్రతి మాటా నిజమేనని వాడికి ఇప్పటికీ తట్టలేదు.

నీతి: అబద్ధంతో బతకడానికి అలవాటు పడినవాడు, ఎదుట నిలబడి నిజం చెప్పినా నమ్మలేక నష్టపోతాడు.